తోమిన దుడ్డుకు పాత రంగు పూయొద్దు

నేను చదివింది కన్నడ మీడియం అని మీకందరికీ తెలుసు. తెలుగు అక్షరాలు కెంచనగుడ్డలో అవ్వ పక్కన కూర్చొని పాత పేపర్ల మీద నేర్చుకున్నవే. అక్కడక్కడా తప్పులుంటే దిద్దుకొని చదవండి, చిన్నోళ్ళయితే నవ్వుకోండి.

ఈసారి అవ్వ దుడ్ల డబ్బా గురించి రాయాలి. సంవత్సరీకానికి ఊరికొచ్చిన వాళ్ళకు ఈ కథలో సగం తెలుసు. మిగతా సగం చిన్నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉంటే బాగుండదని అనిపించి రాస్తున్నా. దాంతో పాటు నా అభిప్రాయం కూడా గట్టిగానే చెప్తా. ఒప్పుకోని వాళ్ళు ఫోన్ చేసి తిట్టండి.

ఆ ఇత్తడి డబ్బాలో 23 దుడ్లు ఉన్నాయి. ఐదు పూజ గూట్లో పెట్టేవి. మిగిలిన 18 ఒక చిన్న గుడ్డ సంచిలో మూటకట్టి ఉండేవి. అవ్వ పోయినాక డబ్బా నా చేతికొచ్చింది. సంవత్సరీకానికి అందరూ వస్తారు, నడింట్లో బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి వరసగా పేర్చి పెడదాం, పిల్లలు చూస్తారు అనుకున్నా. సంచి విప్పితే అన్నీ నల్లగా, చామనచాయగా ఉన్నాయి. కొన్నిటి మీద అక్షరాలే కనపడలేదు. నిమ్మకాయ కోసి, ఉప్పులో అద్ది, ఒక్కొక్కటీ రుద్దినా. అరగంటలో 18 దుడ్లూ కొత్త చెంబులాగా అయిపోయినాయి. ఫోటో తీసి గ్రూపులో పెడితే ఎన్ని చప్పట్లొచ్చినాయో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం చిన్నాయన వచ్చి బల్ల ముందర నిలబడినాడు. కాసేపు వెతికినాడు. "నా బొప్పి దుడ్డు ఏదిరా?" అన్నాడు. చిన్నప్పుడు కాలవ మెట్ల మీద పడి నుదురు వాచినప్పుడు అవ్వ ఒక దుడ్డును చన్నీళ్ళలో ముంచి అక్కడ గట్టిగా ఒత్తి పట్టుకునేదంట. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న పావలా అణా అది. నేను ఏరి ఇచ్చినా. తిప్పి తిప్పి చూసి, "ఇది కాదప్పా, అది నల్లగా ఉండేది" అని కింద పెట్టేసినాడు. అదేనని నేను ఎంత చెప్పినా ఆయన మొహంలో నమ్మకం రాలేదు. అన్నం తిని వెళ్ళిపోయినాడు.

అప్పుడు తెలిసింది నేనేం చేసినానో.

నేను చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో ఒక మొదటి పాఠం ఉంటుంది. ఏదైనా తప్పు జరిగితే ముందుగా లాగ్ ఫైల్ చూడాలి, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ చెరపకూడదు. ఏ టైముకి ఏం జరిగిందో అందులోనే ఉంటుంది. రాగి దుడ్డు మీద పట్టే రంగు కూడా అట్లాంటిదే. కొత్త రాగికి గాలి తగిలితే పైన సన్నని ఆక్సైడ్ పొర పడుతుంది, అది ఎర్రటి గోధుమ రంగు. ఏళ్ళు గడిచేకొద్దీ అది ముదిరి నల్లబడుతుంది. చెమట, వంటింటి పొగ, చేతి జిడ్డు, సంచి గుడ్డ, తేమ, అన్నీ దాంట్లో కలుస్తాయి. మట్టిలో ఉన్నదయితే పచ్చగా మారుతుంది. గట్టిగా పట్టిన పొర అయితే లోపలి రాగికి అదే కాపు. నిమ్మపులుసు ఆ పొరను కరిగించేస్తుంది. మిగిలేది పచ్చి రాగి. గులాబీ రంగులో, జీవం లేని మెరుపుతో ఉంటుంది. టంకశాల నుంచి వచ్చినప్పుడు ఉండే మెరుపు వేరే. అది అచ్చు దెబ్బకు లోహం పారిన సన్నగీతల వల్ల వస్తుంది. ఆ గీతలను పులుసు కొరికేస్తే మళ్ళీ రావు.

కాబట్టి మొదటి మాట. పాత దుడ్డును తోమకండి. ఇది అందరూ చెప్పేదే, కొత్తేం లేదు. నేను రాయాలనుకున్నది దాని తర్వాత సంగతి. తోమేసినాం, ఇప్పుడేం చేయాలి? పాత రంగు మళ్ళీ తెప్పించొచ్చా?

తెప్పించొచ్చు. అదే కష్టం. చాలా సులభంగా తెప్పించొచ్చు.

అమెరికాలో ఉన్న బావ గ్రూపులో నాకు మూడు దారులు చెప్పినాడు. గంధకం కలిసిన మలాము సన్నగా పూసి, వెచ్చజేసి తుడవడం ఒకటి. పెనం మీద వేడి చేయడం ఇంకొకటి. మూడోది కోడిగుడ్డు. బాగా ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి, దుడ్డుకు తగలకుండా మూత డబ్బాలో పక్కన పెట్టాలి. పచ్చసొన నుంచి వచ్చే గంధకపు ఆవిరి రాగిని నల్లగా చేస్తుంది. నేను గుడ్డు దారి పట్టినా. రాత్రి పెట్టి పొద్దున తీసేసరికి చిన్నాయన బొప్పి దుడ్డు పలక రంగుకొచ్చింది. మెత్తని గుడ్డతో పైపైన రుద్దితే రాణి చెంప మీద గోధుమ రంగు తేలింది, అక్షరాల సందుల్లో నలుపు నిలబడింది. నూరేళ్ళ ముసలితనం ఒక్క రాత్రిలో వచ్చేసింది.

తర్వాత నెల ఊరికి పోయినప్పుడు చిన్నాయనకు ఇచ్చి, "వేరే సంచిలో దొరికింది, ఇదేనేమో చూడు" అన్నా. ఆయన చూసినాడు. "ఆ, ఇదే, ఇదేరా" అని నుదుటికి ఆనించుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. నాకు నోట మాట రాలేదు.

రెండు నెలలు ఆగలేకపోయినా. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసినా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రంగు పోగొట్టినందుకు నాకు కోపం లేదు, వేరే సంచి అన్నావు చూడు, అదీ" అన్నాడు.

నా అభిప్రాయం అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. తోమడం పొరపాటు. తెలియక చేస్తాం. తోమినదానికి పాత రంగు పూసి, పూసినట్టు చెప్పకపోవడం అబద్ధం. అది తెలిసే చేస్తాం.

బావ దీనికి ఒప్పుకోలేదు. "చిరిగిన చీరకు మాసిక వేయమా? దెబ్బ తగిలిన దుడ్డుకు మందు పూయడం తప్పెట్లయితాది?" అన్నాడు. మంచి ప్రశ్నే. కానీ మాసిక కంటికి కనపడుతుంది. ఎవరైనా చూసి "ఇక్కడ చిరిగింది, ఇక్కడ కుట్టినారు" అనొచ్చు. మ్యూజియం వాళ్ళు పాత వస్తువులను బాగు చేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చేసిన మరమ్మతు దగ్గరగా చూస్తే తెలియాలి, వీలైనంత వరకు వెనక్కి తీసేయగలగాలి, ఏం చేసినారో రాసి పెట్టాలి. గుడ్డు నలుపు ఈ మూడింటికీ నిలబడదు. అది కనపడకుండా ఉండడానికే పూసేది. తీయాలంటే మళ్ళీ పులుసే వేయాలి. పైగా అది అసలు పొరే కాదు. దశాబ్దాలు గాలికి పట్టింది ఎక్కువగా ఆక్సైడ్, గుడ్డు ఆవిరికి పట్టింది సల్ఫైడ్. మనలాంటోళ్ళ కంటికి రెండూ నలుపే. చేయి తిరిగిన వాళ్ళు భూతద్దంలో చూస్తే తేడా పట్టేస్తారు.

ఈ డబ్బాలో ఏముందో కొంచెం చెప్తే, దాని మీద రంగు పూయడం నాకెందుకు అంత బరువనిపించిందో మీకు అర్థమవుతుంది. ఒకటి టిప్పు సుల్తాన్ కాలపు ఏనుగు పైసా. ఒక వైపు ఏనుగు, ఇంకో వైపు పారసీ అక్షరాలు. టిప్పు టంకశాలల్లో మన గుత్తి కూడా ఒకటి. దానికి ఆయన పెట్టిన పేరు ఫైజ్ హిసార్. మన దుడ్డు మీద టంకశాల పేరు అరిగిపోయింది, లేకపోతే నేనే రుద్దేసినానో ఇక ఎప్పటికీ తెలీదు. ఇది రాస్తుంటే కూడా బాధగానే ఉంది.

ఇంకోటి 1808 నాటి కంపెనీ కాసు. 1800లో నిజాం ఈ సీమంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినాడు, అందుకే దత్తమండలాలన్నారు. బళ్ళారి కూడా అందులోదే. మద్రాసు లెక్కలో అప్పుడు 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. అంటే వరహాకు 3360 కాసులు. మన దగ్గరున్నది రోమన్ అంకెల్లో ఇరవై అని ఉన్న 20 కాసుల బిళ్ళ. ఒక వైపు సింహాలు పట్టుకున్న కంపెనీ ముద్ర, ఇంకో వైపు పారసీలో 20 కాసులు 4 ఫులూసులు అని లెక్క. దాన్ని కొట్టింది ఇంగ్లండులో, మాథ్యూ బౌల్టన్ నడిపిన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద. ఇట్లాంటి కాసులు టన్నుల కొద్దీ నింపుకొని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే, గుడ్విన్ ఇసుక మేటల మీద మునిగిపోయింది. 1980ల్లో వాటిని పైకి తీసినారు. ఈ రోజుకూ అవి అమ్ముతుంటారు. సముద్రంలో ఉన్నాయని, శుభ్రం చేసినామని, ఓడ పేరుతో సహా చెప్పే అమ్ముతారు. వాటికి విలువ వచ్చిందే ఆ నిజం వల్ల. మన డబ్బాలోది ఒడ్డు చేరిన కాసు. అది కూడా "2 ఉప్పూనిమ్మకాయల పాలైంది" అనే నిజంతో బతకొచ్చు, తప్పేం లేదు.

మిగిలినవాటిలో ఎక్కువ విక్టోరియా కాలపు పావలా అణాలు. 1906లో ఈ నాణేలను రాగి నుంచి కంచుకు మార్చినారు. కాబట్టి అంతకు ముందువీ తర్వాతవీ ఒకే డబ్బాలో ఉన్నా ఒకే రంగు పట్టవు. అన్నిటికీ ఒకే గుడ్డు నలుపు పూస్తే ఈ తేడా కూడా మాసిపోతుంది. నడిమధ్య బొక్క ఉన్న కాణీలు నాలుగున్నాయి, 1943 నుంచి 1947 దాకా వచ్చినవి. పిల్లల మొలతాడుకు కట్టేవాళ్ళు. మా నాయన మొలకు కట్టింది ఏదో అవ్వకు తెలుసు. నాకు తెలీదు. బహుశా దారం ఒరుసుకొని ఆ బొక్క అంచు నున్నగా, వేరే రంగులో ఉండేదేమో. ఇప్పుడు నాలుగూ ఒకే రకంగా మెరుస్తున్నాయి.

ఇప్పుడు సహజ రంగు అంటే ఏదని అడుగుతారు. ఇది బడిలో నన్ను ఏడిపించిన మాట. మూడో తరగతిలో నేను "రాగి దుడ్డు" అంటే క్లాసంతా నవ్వింది. కన్నడంలో రాగి అంటే ముద్ద చేసుకునే ధాన్యం, లోహానికి తామ్ర అంటారు. ఇంటికొచ్చి అవ్వకు చెప్తే, చాటలో రాగులు పోసి, పక్కన ఒక దుడ్డు పెట్టి, "రంగు చూడు, రెండూ ఒకటేగదా, అందుకే ఆ పేరు" అంది. అవ్వ చూపించిన ఆ దుడ్డు మెరుస్తూ లేదు. రాగి గింజ రంగులోనే ఉండింది. నన్నడిగితే సంచిలో ఉన్న 18 దుడ్ల సహజ రంగు అదే.

పూజ గూట్లో ఉన్న ఐదు దుడ్ల సంగతి వేరే. ప్రతి శ్రావణంలో వరమహాలక్ష్మి పూజకు ముందు అవ్వ వాటిని చింతపండు వేసి తళతళా తోమేది. ఏళ్ళ తరబడి తోమి తోమి వాటి మీద బొమ్మలే అరిగిపోయినాయి. నాణేల పుస్తకాలు చదివి ఎవరైనా "అయ్యో, పాడు చేసింది" అంటే నేను ఒప్పుకోను. ఆ ఐదింటికి మెరుపే సహజం. అరుగుదలే వాటి లాగ్. వాటిని ఇప్పుడు నల్లబడనిచ్చి "పాతదనం కాపాడుతున్నాం" అంటే అది కూడా ఒక రకం అబద్ధమే. మా ఇంట్లో శ్రావణంలో వాటికి చింతపండు పడుతుంది, పడాలి. ఏ దుడ్డు ఎట్లా బతికిందో అట్లా ఉండనివ్వాలి, అంతే.

మరి తోమేసిన ఆ 17 దుడ్లు? వాటికి నేను చేసింది చెప్తా. పనికొస్తే చేయండి.

ముందు రంగు గురించి కాదు, ఉప్పు గురించి భయపడాలి. వాన కాలంలో మూడు దుడ్ల గుంటల్లో లేత పచ్చ పొడి లేచింది. వేలు పెడితే రాలింది. రాగిలోకి దిగిన క్లోరైడు తేమ తగిలినప్పుడల్లా లోహాన్ని తినేస్తూ పోతుంది. గట్టిగా అంటుకొని ఉన్న ముదురు పచ్చ పొరతో భయం లేదు, రాలే లేత పచ్చ పొడితోనే ప్రమాదం. నేను అన్నిటినీ డిస్టిల్డ్ వాటరులో, అంటే ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్ళలో, రోజూ నీళ్ళు మారుస్తూ రెండు వారాలు నానబెట్టినా. తర్వాత బాగా ఆరబెట్టినా. పొడి మళ్ళీ రాలేదు. అయినా ఆ మూడింటిని వేరేగా పెట్టి నెలకోసారి చూస్తున్నా. మీ ఇంట్లో పొడి ఎక్కువగా రాలుతుంటే సొంత వైద్యం చేయకుండా మ్యూజియంలో ఈ పని తెలిసినవాళ్ళను అడగండి.

తర్వాత వాటిని ఊరికే వదిలేసినా. పేపరు కవర్లలో, కవరు మూత తెరిచి, అల్మారాలో పెట్టినా. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు వద్దు. పీవీసీ కాలం గడిచేకొద్దీ ఆమ్లం వదిలి, పచ్చటి జిగురు పట్టిస్తుంది. పది నెలలయింది. మొదట గులాబీ రంగు తగ్గింది, తర్వాత బెల్లం రంగుకొచ్చింది. రాగి గింజ రంగుకు రావాలంటే నా జీవితం సరిపోకపోవచ్చు. నా పిల్లల కాలానికి వస్తుంది. అది కూడా పాత రంగు కాదు, కొత్త పొరే. కానీ దొంగతనంగా వచ్చింది కాదు.

ప్రతి కవరు మీదా ఒక తేదీ, మూడు మాటలు రాసినా. ఎవరి సంచి, ఎప్పుడు తోమింది, ఎవరు తోమింది. బొప్పి దుడ్డు కవరు మీద అదనంగా "కోడిగుడ్డుతో నల్ల చేసినా" అని రాసి, నా సంతకం పెట్టినా. మనకు నచ్చని సంగతి కూడా రాసిపెడితేనే అది వంశ చరిత్ర. లేదంటే పెళ్ళి ఆల్బమ్.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. అవ్వ గుర్తుగా ఒక దుడ్డు పంపమని ఇద్దరు అడిగినారు. కోపం తెచ్చుకోవద్దు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందకొస్తుంది, సొంతంగా దేశం దాటించకూడదు. అట్లాగే మన పొలంలోనో పాత గోడలోనో దుడ్ల కుండ దొరికితే మనదే అనుకోవద్దు. దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలని చట్టం ఉంది. దుడ్డు పంపలేను గానీ, రెండు వైపులా మంచి ఫోటోలు తీసి పంపుతా.

మనం సరిహద్దు జిల్లా వాళ్ళం. 1953లో ఆదోని, ఆలూరు ఆంధ్రకు పోయినాయి, సిరుగుప్ప ఇటు మైసూరులో కలిసింది. బడి ఒక భాషలో, ఇల్లు ఒక భాషలో. మా తెలుగులో కన్నడం ఉంటుంది, మా కన్నడంలో తెలుగు ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఒకరిద్దరు "మీ తెలుగు అసలు తెలుగు కాదు" అనడం నేను విన్నా. ఒకప్పుడు సిగ్గుపడి టీవీ వాళ్ళ తెలుగు మాట్లాడబోయినా, అవ్వ నవ్వింది. అది కూడా గుడ్డు నలుపు లాంటిదే. మన మీద పట్టిన రంగు మనదే, దాన్ని తోమడమూ వద్దు, లేని పాతదనం పూసుకోవడమూ వద్దు.

పోయిన వారం చిన్నాయన బొప్పి దుడ్డు అడిగి తీసుకున్నాడు. కవరుతో ఇచ్చినా. కవరు మీద రాసింది అద్దాలు పెట్టుకొని చదివి, "అక్షరాలు బాగానే నేర్పింది మా అమ్మ" అని జేబులో పెట్టుకున్నాడు. జేబులో పెట్టుకుంటే చేతి జిడ్డుకు దాని రంగు ఇంకా మారుతుందని చెప్పబోయి ఊరుకున్నా.

శ్రావణం వస్తోంది. మీ ఇళ్ళల్లో డబ్బాలు తెరుచుకుంటాయి. పూజవేవో, మూటవేవో ముందు వేరు చేయండి. చింతపండు నానబెట్టే లోపల రెండు వైపులా ఒక్కో ఫోటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఏ దుడ్డు ఎవరిదో అడిగి రాసుకోండి. ఇప్పటికే తోమేసి ఉంటే అదే రాయండి.